నొప్పితో ఉరికిన పిల్ల

మా యూనిట్లో రామసుబ్బమ్మ అనే ఆమె ఉండాది. ప్యాంట్లకు జేబులు కుడ్తాది. పోయిన వారం టీ టైములో పదిమంది ముందర నన్ను పట్టుకోని అడిగింది. "ఏం ఆంజినమ్మా, మీ పాప పోయినేడు మత్తుమాత్రలు తినిందని యూనివర్సిటీ టీములోంచి పీకేసినారంట, నిజమేనా?"

"నిజమే మే," అన్నా. "ఏడాది పీకేసినారు. కెప్టెనుగా ఉండె, అదీ పీకేసినారు."

నేను తల దించుకుంటానేమో అని చూసింది. నేనా? ఆంజినమ్మనా? రాయదుర్గంలో ఈ జీన్సు యూనిట్లు రేకుల షెడ్లలో నాలుగు మిషన్లతో నడిచేటప్పుడు చేరినదాన్ని. ఒకరి ముందర తల దించింది లేదు. నా కూతురు చేసిన పనికి ఎంత గుండె కావల్లనో తెలిస్తే ఆ రామసుబ్బమ్మ జేబులన్నీ తలకిందులుగా కుడ్తాది. చెప్దామని నోరు తెరిచేలోపల బెల్లు కొట్టినారు. అందుకని మీకు చెప్తాండా. కడదాకా వినండి, మధ్యలో అడ్డం రావాకండి.

ముందర మా మాత్రల సంగతి చెప్పల్ల.

నేను కుట్టేది ప్యాంటు కాళ్ళ లోపలి కుట్టు. జీన్సు గుడ్డంటే మీ చీరగుడ్డ కాదు, గోనెపట్ట మాదిరి మందం. దాన్ని పొద్దున తొమ్మిదింటి నుంచి సాయంత్రం ఏడు దాకా సూది కిందికి తోస్తా ఉంటే మణికట్టు, భుజం, మెడ, నడుము, ఏదీ మనది కాదు. పీసు లెక్క పని. చెయ్యి ఆగితే కూలి ఆగుతాది. దీనికి మా సూపర్‌వైజర్ వీరేష్ ఒక ఉపాయం కనిపెట్టినాడు. బిస్కెట్ల డబ్బా నిండా మాత్రలు పెట్టుకోని పదకొండు గంటల టీకి ఒకసారి, నాలుగు గంటల టీకి ఒకసారి వరసగా పంచుకుంటా వస్తాడు. సగం ఎరుపు, సగం పసుపు. చెయ్యి చాపితే ఒకటి, కన్ను ఎగరేస్తే రెండు. ఇంటికి కావల్లంటే మాత్రల పట్టీకి పట్టీ ఇస్తాడు.

దాన్ని మేమెవరం మందు అనుకోలేదు. టీలో చక్కెర ఎట్లనో అదీ అట్లనే. కొత్తగా చేరిన ఆడపిల్లకు మిషన్‌కు నూనె యాడ పొయ్యల్లనో చూపిస్తాము, ఆ ఊపిరిలోనే మాత్ర ఎప్పుడు మింగల్లనో చెప్తాము. మింగిన అరగంటకు ఒళ్ళు తేలికైపోతాది. అత్తను తల్చుకున్నా కోపం రాదు. ఆదివారం పని లేదు గదా అని మింగను, ఆ రోజు మాత్రం ఎందుకో ముక్కు కారతాది, ఒళ్ళు విరిచేసినట్టుంటాది, మొగుడు పలకరిస్తే కొట్టబుద్ధయితాది. అది వారమంతా చేసిన పని అలసట అనుకున్నా నేను. తొమ్మిదేండ్లు అట్లనే అనుకున్నా.

ఇంక నా కూతురు. త్రివేణి.

బెళుగుప్ప దగ్గర మాకు నాలుగెకరాల చెనక్కాయ చేను ఉండాది. వానొస్తే అది చేను, రాకుంటే ఉత్త నేల. మా ఆయన ముత్యాలప్ప దాన్ని వదిలిపెట్టి రాడు. ఆయన ఆడ, నేను ఈడ రాయదుర్గంలో. పాప చిన్నప్పుడు నాయన దగ్గరే ఉండె. మా చేను పక్క గుట్టమీద గాలి ఫ్యాన్లు నిలబెట్టినప్పుడు, పెద్ద లారీలు ఎక్కేదానికని ఎర్రమట్టి రోడ్డు వేసినారు. ఆ ఫ్యాన్లు కరెంటు ఎవురికి పంపిస్తాయో మాకు తెల్దు. మా త్రివేణికి మాత్రం ఉరికేదానికి రోడ్డొచ్చింది. పొద్దున లేస్తే కింద నుంచి పైదాకా, పైనుంచి కిందికి. చెప్పుల్లేవు, బూట్లు లేవు. కుక్కలు కూడా కొంత దూరం వెంటబడి, అలిసిపోయి వెనక్కొస్తాండె.

అట్ల ఉరికే పిల్లకు యూనివర్సిటీలో ఆటల కోటా కింద సీటొచ్చింది. క్రాస్ కంట్రీ అంట దాని ఆట. ట్రాకు మీద గుండ్రంగా తిరిగేది కాదు. గుట్టలు, రాళ్ళు, చేన్లు, వంకలు తొక్కుకుంటా పది కిలోమీటర్లు ఉరకల్ల. ఆరుమంది ఆడపిల్లల టీము. రెండో సంవత్సరంలోనే నా కూతురు వాళ్ళకు కెప్టెను. ఆ మాట విన్నరోజు యూనిట్లో అందరికీ మైసూర్‌పాకు పంచినా. రామసుబ్బమ్మ రెండు తినింది.

ఆ ఏడే సెలవులకొచ్చి, "మా, మోకాలి కింద ఎముక గుంజుతాంది, అడుగు పెట్టలేకున్నా," అనింది. వచ్చే వారమే దాని టీము ఎంపిక. తల్లిని గదా, చూస్తా కూచుంటానా? నాకు తెలిసిన మందు ఒకటే. కొంగుముడి విప్పి రెండు తీసి ఇస్తి. గంటలో పాప లేచి ఇంట్లో ఎగరబట్టె. వెళ్ళేటప్పుడు రెండు పట్టీలు చేతిలో పెట్టి పంపిస్తి. ఎంపికలో అందరికంటే ముందొచ్చింది. "నా మాత్రే గెలిపించింది," అని యూనిట్లో గొప్పగా చెప్పుకున్నా కూడా. సిగ్గు పక్కన పెట్టి చెప్తాండా, అప్పుడు అది గొప్పగానే అనిపించింది.

ఆ తర్వాత నుంచి నెలకు రెండుసార్లు అనంతపురం బస్సులో తెలిసిన కండక్టర్ చేతికి డబ్బా ఇచ్చి పంపిస్తాంటి. చెనక్కాయల పొడి, కొర్రల మురుకులు, వాటి నడుమ కాగితంలో చుట్టి మాత్రల పట్టీలు. పాప బస్టాండుకొచ్చి తీసుకుంటాండె. కొన్నాళ్ళకు ఫోను చేసి, "మా, పొడి ఇంకా ఉండాది, ఆ మాత్రలు మాత్రం అయిపోయినాయి, బిన్నా పంపించు," అనింది. నేను పడిపడి నవ్వినా. అమ్మ పొడి కంటే అమ్మ మాత్రలు రుచిగా ఉన్నాయా పాపా అని ఎగతాళి చేసినా. ఫోన్లో అవతల అది నవ్వలేదు. అప్పుడన్నా తెలుసుకోవద్దా నేను? తెలుసుకోలేదు. ఇంటికొస్తే సగం సంగటి వదిలేస్తాండె, పిలిస్తే కసురుకుంటాండె, చేతులు గీరుకుంటాండె. పరీక్షల బెంగ అనుకున్నా.

ఒకరోజు పొద్దున పదింటప్పుడు మిషన్ మీద ఉండంగ ఫోనొచ్చింది. ప్రశాంతి మేడం. వాళ్ళ ఆటల మేడం, పాపను ఉరికిచ్చేదామె. "ఆంజినమ్మగారూ, హాస్టల్ గదులు తనిఖీ చేసినారు. త్రివేణి బ్యాగులో మత్తుమాత్రలు దొరికినాయి. రేపు క్రమశిక్షణ కమిటీ ముందు విచారణ. మీరు రావాలి."

మత్తుమాత్రలు అనేసరికి నాకు తల కొట్టేసినట్టయ్యింది. నా బిడ్డ, నిప్పులాంటి పిల్ల, మత్తా? ఎవురో గిట్టనోళ్ళు పెట్టి ఉంటారు అనుకుంటా బస్సెక్కినా. మరుసటి పొద్దున ఆఫీసు వరండాలో మేడం ఫోన్లో ఫోటో చూపించింది. సగం ఎరుపు, సగం పసుపు.

"ఇవి నావే గదమ్మా!" అన్నా నేను, గట్టిగానే. "మా యూనిట్లో అందరం తింటాము. నొప్పికి."

మేడం నన్ను పక్కకు తీసుకోనిపోయింది. అప్పుడు చెప్పింది, ఇది డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడనిది, నల్లమందుకు చుట్టం వరస అయ్యేది, అలవాటైతే వదలదు అని. ఆటల పోటీల్లో దొరికితే ఆట నుంచే బయటికి పంపిస్తారు అని. వరండా కడాన బెంచీ మీద నా బిడ్డ కూచోనుండాది. అనంతపురం ఎండలో శాలువా కప్పుకోని వణుకుతాండాది. పట్టీలు పట్టుకోనిపోయి రెండు రోజులు. ముక్కు కారతాంది. నా ఆదివారం ముక్కు మాదిరే. ఆ మాట అప్పుడు నా బుర్రకు ఎక్కలేదు.

మేడం గొంతు తగ్గించింది. "చూడమ్మా, చేరేటప్పుడు మీరిద్దరూ సంతకం పెట్టిన నియమాల పుస్తకంలో ఇలా ఉంది. తెలిసి తిన్నదని తేలితే రెండేళ్ళు ఆట బందు, హాస్టల్ ఖాళీ, సర్టిఫికెట్లో రాస్తారు. తెలియక తిన్నదని తేలితే హెచ్చరిక రాసి వదిలేస్తారు. వచ్చే నెల జాతీయ పోటీకి పోవచ్చు. వారం ముందు ఆపేస్తే చాలు." చెప్పి గోళ్ళు కొరుక్కుంటా నన్నే చూసింది. పన్నెండేండ్లుగా ఆమె టీముకు ఒక పతకం లేదు. ఈసారి నా కూతురి కాళ్ళ మీద ఆశ పెట్టుకుండాది. ఆమెను నేను తప్పుపట్టను. ఆమె అబద్ధం చెప్పమని చెప్పలేదు. నాకు చెప్పాల్సిన పని లేదు కూడా.

లోపల పొడుగు బల్ల. అవతల ఐదుమంది. నడిమధ్య నాగేశ్వర సార్. న్యాయశాస్త్రం చెప్పే సారంట. ముక్కు మీదికి జారిపోయే కళ్ళద్దాలు, ముందర ఆకుపచ్చ అట్ట పుస్తకం. పక్కన గుమాస్తా మనం అనేది అన్నట్టు కంప్యూటర్లో కొడతాండాడు.

"ఈ పట్టీలు మీ అమ్మాయి బ్యాగులో దొరికినాయి. మీరేమైనా చెప్తారా అమ్మా?"

"చెప్తా సార్. అవి నావి. పోయిన నెల చూసేదానికొచ్చి దీని బ్యాగులో పెట్టి మర్చిపోయినా."

"పరీక్ష చేయిస్తే అమ్మాయి ఒంట్లో ఈ మందు ఉంటుందా, ఉండదా?"

దొరికిపోతినే అనుకున్నా. అయితే ఆంజినమ్మ నోరు ఊరికే ఉంటాదా? "ఉంటాది సార్. కాలు నొప్పి అంటాంటే చూడలేక, ఆ మాత్రలు విప్పి పొడి చేసి చెనక్కాయల పొడిలో కలిపి పంపినా. బిడ్డకు తెల్దు. అమ్మ పంపిన పొడి గదా అని అన్నంలో కలుపుకోని తినింది. ఇది మత్తుమందని నాకే తెల్దు, ఇంక దానికేం తెలుస్తాది సార్?" అని కొంగు నోటికడ్డం పెట్టుకోని ఏడ్చినా. ఏడుపు మాత్రం అబద్ధం కాదు.

సార్ అద్దాలు పైకి తోసుకున్నాడు. గుమాస్తా వైపు తిరిగి, "రాసుకో. పట్టీలు తల్లివి. తల్లి తెలియక ఇచ్చింది. విద్యార్థినికి తెలియదు," అన్నాడు. మిగతా నలుగురూ తల ఊపినారు. ప్రశాంతి మేడం గట్టిగా ఊపిరి వదిలింది. గెలిచినా అనుకున్నా.

అప్పుడు నా కూతురు లేచింది. బల్ల పట్టుకోని లేచింది.

"సార్, పొడిలో ఏం కలపలేదు. మా అమ్మ నా కోసం అబద్ధం చెప్తాండాది. మొదటి నెల నాకు తెలీదు, అది నిజం. తర్వాత ఫోన్లో పేరు వెతికి చూసినా. తెలిసే తిన్నా. కాలు నొప్పి పోయినాక కూడా తిన్నా. అమ్మ పంపినవి చాలక బయట కొనుక్కోని తిన్నా. రోజుకు ఆరు. మూడుసార్లు మానల్లని చూసినా, రెండో రోజుకు మెట్లు ఎక్కలేకపోయినా. మీరిప్పుడు హెచ్చరిక రాస్తే నేను పోటీకి పోతా సార్. తినే పోతా. తినకుండా పోలేను." బల్ల మీది పుస్తకం వైపు వేలు చూపించింది. "మీ పుస్తకంలో పద్నాలుగో నియమం ఉండాది. తనంతట తానొచ్చి చెప్పుకున్న పిల్లను దొంగ మాదిరి కాదు, రోగి మాదిరి చూడల్ల అని. నాకు అది కావల్ల."

లేచి చెంప పగలగొడ్దామా అనిపించింది. ఒడ్డుకు చేర్చిన పడవను ముంచుకుంటాదా ఎవురైనా! ప్రశాంతి మేడం కళ్ళు మూసుకునింది.

బల్ల అవతల ఒక మేడం, "పట్టుబడ్డాక చెప్తే పద్నాలుగు వర్తించదు కదా సార్," అనింది. నిజమేనంట. పట్టుబడక ముందరే చెప్పల్లంట. నాగేశ్వర సార్ పుస్తకం తిరగేసినాడు. మళ్ళీ తిరగేసినాడు. తర్వాత నన్ను పిలిచినాడు.

"అమ్మా, పొడి సంగతి పక్కన పెట్టు. పట్టీలు నీవే అన్నావు. ఆ మాట మీద నిలబడతావా?"

"నిలబడతా సార్. మా యూనిట్ డబ్బాలోవే. నా చేత్తో ఇచ్చినవే." ఈ మాటలో మాత్రం అబద్ధం లేదు.

"అయితే మేడం, పట్టుబడింది ఎవరు?" అన్నాడు ఆ సార్ పక్కామెతో. "పట్టీలు తల్లివని రాసుకున్నాం. అమ్మాయి మీద మన దగ్గర ఏమీ లేదు. హెచ్చరికతో వెళ్ళిపోవచ్చు. వెళ్ళిపోగలిగిన పిల్ల నిలబడి తనంతట తాను చెప్పింది. పద్నాలుగు ఇలాంటి పిల్ల కోసం కాకపోతే ఇంకెవరి కోసం రాసుకున్నాం?" ఆమె సరే అన్నట్టు తల ఊపింది. సార్ నా వైపు తిరిగినాడు. "సరే, పట్టీలు నీవంటున్నావు కదా. నువ్వు రోజుకు ఎన్ని తింటావమ్మా?"

"ఇంటికాడివి కూడా కలిపి ఎనిమిది సార్," అన్నా. "ఆర్డర్లు ఎక్కువుంటే పది."

"ఎన్నాళ్ళ నుంచి?"

"తొమ్మిదేండ్లు."

ఏం దాచల్ల దాంట్లో? అందరం తినేదే గదా అని గట్టిగానే చెప్పినా. గుమాస్తా వేళ్ళు ఆగిపోయినాయి. అందరూ నన్నే చూస్తాండారు. నా వెనక ఎవురన్నా ఉండారేమో అని తిరిగి చూసినా. లేరు. త్రివేణి మాత్రం వణుక్కుంటా నా భుజం పట్టుకునింది.

"మా, నేను ఆరే మా," అనింది. "నీకు నాకంటే ఎక్కువ ఉండాది."

అప్పుడు తెలిసింది నాకు. బిడ్డను కాపాడుకునేదానికి వచ్చినా అనుకుంటి. నా కొంగుముడిలో పొద్దుటివి పోను మిగిలినవి నాలుగు ఉండాయి. అవి లేకుండా ఆ సాయంత్రం బస్సెక్కలేను నేను. ఆ సంగతి ఆ గదిలో అందరికంటే కడాన నాకే తెలిసింది. ఏడుపు కూడా రాలేదు.

"ఆ నియమం మా అమ్మకు కూడా వర్తిస్తాదా సార్?" అని అడిగింది పాప.

"మా పుస్తకం విద్యార్థులకే అమ్మా," అన్నాడు ఆయన. గొంతు మెత్తబడింది.

"ఇద్దర్నీ నేను తీసుకొనిపోతా సార్ ఆసుపత్రికి," అనింది ప్రశాంతి మేడం. కండ్లు తుడుచుకుంటాండె. పతకం పోయిందనో, ఇంకెందుకో, నేనడగలేదు.

తీర్పు అయ్యింది. ఏడాది టీములో లేదు. కెప్టెన్సీ లేదు. చదువుండాది, హాస్టలుండాది, సర్టిఫికెట్టు మీద మచ్చ లేదు. బయటికొచ్చి వరండాలో దాని జబ్బ పట్టుకున్నా. కోపం ఇంకా దిగలేదు నాకు. "ఏం మే, పెద్దోళ్ళ ముందర అంత నోరు యాడ నుంచి వచ్చింది నీకు?" అన్నా.

"నీ దగ్గర నుంచే మా," అనింది.

ఆ మాటకు కోపం పోయి ఇంకోటేదో వచ్చి కూచునింది గుండెల మీద. అప్పటి నుంచి దిగలేదది. దాన్నే గర్వం అంటారేమో.

ఆసుపత్రిలో పద్దెనిమిది రోజులు ఉన్నాము. ఆడోళ్ళ వార్డులో పక్కపక్క మంచాలు. మొదటి వారం సంగతి వద్దులే. ఎముకల్లో చీమలు పాకినట్టు, కడుపు నీళ్ళయిపోయినట్టు. డాక్టరమ్మను నేను తిట్టని తిట్టు లేదు. పాప తిట్టలేదు. పళ్ళు బిగించుకోని మంచం కమ్మీ పట్టుకుంటాండె. నేను ఇంటికి పోతానని లేస్తే, లేవలేని పిల్ల లేచి తలుపుకడ్డం నిలబడె. మా ఆయన సంగటి ముద్దలు, చెనక్కాయల చట్నీ కట్టుకోని వచ్చినాడు. ఇద్దర్నీ చూసి, "మీ ఇద్దరూ ఒకేసారి పడకేస్తే చెనక్కాయ పీకేదానికి వచ్చేదెవురప్పా," అని నవ్వబోయి, మొహం తిప్పుకోని తువ్వాలతో కండ్లు ఒత్తుకున్నాడు. ఆయన అట్ల ఏడ్చింది నేనెప్పుడూ చూడలేదు.

నెల తిరిగినాక జాతీయ పోటీ జరిగింది. పాప లేని టీము పదమూడో స్థానంలో వచ్చింది. ఆ కబురు విన్నరోజు త్రివేణి గోడవైపు తిరిగి పడుకోని ఏడ్చింది. ఊరికే పక్కన కూచున్నా.

యూనిట్‌కు పోయిన మొదటిరోజు వీరేష్ డబ్బా తెచ్చినాడు. "వద్దప్పా," అన్నా. "అక్కా, పీసులు తగ్గుతాయి," అన్నాడు. "తగ్గనీ." ఆయనా చెడ్డోడు కాదు. ఆయన మెడ నొప్పికి ఆయనా తింటాడు అవే. విషయం అంతా చెప్పినా. విన్నాడు, తల గోక్కున్నాడు, పక్క మిషన్‌కు పోయినాడు. మాలో ఇద్దరు మానేసినారు. మిగతావాళ్ళు తింటానే ఉండారు. రామసుబ్బమ్మ కూడా. నేను గంటకొకసారి లేచి, డాక్టరమ్మ నేర్పిచ్చినట్టు మణికట్టు తిప్పుకుంటా. కూలి తగ్గింది, నొప్పి పెరిగింది. అబద్ధమెందుకు చెప్పల్ల?

ఏడాది అయిపోయింది. పోయిన నెల పాపకు మళ్ళీ టీము ఎంపిక. ఇరవై మూడు మంది పిల్లలు. యూనివర్సిటీ వెనక గుట్ట చుట్టూ నాలుగు చుట్లు. మొదట వచ్చిన ఆరుమందికే టీములో చోటు. ఆరులో లేకుంటే దాని ఆట అంతటితో సరి, వచ్చే ఏటికి చదువైపోతాది. నేను సెలవు పెట్టి పోయినా. దాని మోకాలి కింది ఎముకకు డాక్టరు కట్టు, వ్యాయామం అన్నీ చేయిచ్చినాడు. మాన్పినాడు గానీ నొప్పి మొత్తం పోదన్నాడు.

మొదటి చుట్టులో నా కూతురు వెనకాల యాడో. పోయినేడు ఇదే గుట్టమీద సగం చుట్టు ముందుండిన పిల్ల! నా పక్కన ఎవురో పిల్లలు, "అదిగో, ఆ మాత్రల త్రివేణి," అన్నారు. వాళ్ళ వైపు ఒక చూపు చూసినా. రెండో చుట్టుకు పన్నెండో పిల్ల. మూడో చుట్టుకు కుంటుతాండాది. స్పష్టంగా కుంటుతాండాది. ఎడమ కాలు నేలకు తగిలిన ప్రతిసారీ మొహం ముడుచుకుంటాండాది. ప్రశాంతి మేడం చేతిలో గడియారం పట్టుకోని నేలచూపు చూస్తాండాది. ఆగిపో పాపా అని అరుద్దామనుకున్నా. నోరు తెరిస్తే వచ్చిన మాట వేరే. "ఉరుకు మే! త్రివేణీ! ఉరుకు!"

కడపటి చుట్టు. గుట్ట దిగేసరికి ఎనిమిదో పిల్ల. మట్టిలో జారి మోకాలి మీద పడింది. లేచింది. ఏడు. సున్నం గీత కనపడతాండాది. ముందర పోయే పిల్లకు ఊపిరి అయిపోయింది, నా కూతురికీ అయిపోయింది, అయినా ఉరుకుతాండాది. గీత ఇంక పదడుగులు ఉండంగ దాటింది. ఆరు.

ఆరో పిల్ల! కడపటి చోటు! అప్పుడు మొదట వచ్చిందని విన్నరోజు కూడా నేను అంత అరవలేదు. అప్పుడు మొదట వచ్చింది నా మాత్ర. ఇప్పుడొచ్చింది నా కూతురు. నా పక్క పిల్లలు నాకు పిచ్చి పట్టిందనుకోని జరిగిపోయినారు. జరగనీ.

పోయి పట్టుకున్నా. ఒళ్ళంతా చెమట, ఎర్రమట్టి, మోకాలు చీరుకోని రక్తం. నా భుజం మీద వాలి ఊపిరి పీల్చుకునింది.

"మా," అనింది తర్వాత, "నొప్పిగా ఉండాది. శానా నొప్పిగా ఉండాది మా." చెప్తా నవ్వుతాండాది.

"యాడ పాపా?"

"అంతా."

నేను ఆ మట్టిలోనే కూచోని దాని కాళ్ళు ఒళ్ళో పెట్టుకోని ఒత్తబట్టినా. ఒత్తేకొద్దీ నా మణికట్టు కూడా సలపబట్టింది. ఇద్దరం నొప్పితో ఆడ్నే కూచున్నాము, ప్రశాంతి మేడం టీము పేర్లు చదివేదాకా.